మేష్ట్రు వసారాలో కూలి పాఠం

మా పక్కింటి మేష్ట్రు పోయారన్న మాట నాకు పాలు పోసే మనిషి చెప్పింది. పాలలో నీళ్లు కలపలేదని రోజూ వినాయకుడి మీద ఒట్టు పెట్టే మనిషి ఆమె. ఆ మాటను ఏనాడూ నమ్మనిదాన్ని, ఈ మాటను మాత్రం ఎందుకు నమ్మాలి అనుకుని, గిన్నె చేతిలో పట్టుకునే గోడ మీదుగా తొంగిచూశాను. రోజూ వసారాలో బెంచీ మీద కూర్చునే మనిషిని కింద చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. ఆయన అన్న స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నారు. నిద్రలోనే పోయారట. చేన్లో శెనక్కాయ పీకడానికి వచ్చి ఉంది. ఆ వారమే కూలికి ఆడవాళ్లను పిలవాలని అంతకుముందు సాయంత్రం మేష్ట్రు నాతో అన్నారు.

పోయినవాళ్లంతా మా ఊళ్లో వెంటనే దేవుళ్లయిపోతారు. మేష్ట్రును అలా చేసే ఉద్దేశం నాకు లేదు. ఆయన మొండిమనిషి. నా దగ్గర తీసుకున్న పేపరు ఏనాడూ మడత సరిగా పెట్టి ఇవ్వలేదు. పైగా అందులో పదకేళి నింపేసి మరీ ఇచ్చేవారు, అదీ తప్పులతో. బడిలో కన్నడంలో పాఠం చెప్పి తెలుగులో తిట్టేవారు. పిల్లలకు రెండు భాషలూ బాగానే వచ్చాయి. రిటైరయ్యాక తిట్లు తగ్గాయి గానీ పాఠాలు తగ్గలేదు. సెలవు రోజుల్లో ఊరి పిల్లలు ఆయన వసారాలోనే ఉండేవారు.

పిల్లలు ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "ఉండప్పా, నమిలి చెప్తా" అనేవారు. మర్నాడు జవాబు వచ్చేది. తెలియకపోతే తెలియదనే వచ్చేది. "తెలీదనేకి సిగ్గుపడితే మేష్ట్రు పని చేసేకి కాదక్కా" అని నాతో అన్నారొకసారి. అనంతపురంలో బి.ఎ. చదివి, అన్నీ తెలుసన్నట్టు ఈ ఊరికి కాపురానికి వచ్చిన నాకు ఆ మాట కొంచెం గుచ్చుకుంది. ఆయన నన్ను ఉద్దేశించి అనలేదులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆయన చెప్పిన పాఠాల్లో ఒకటి నేను మరిచిపోలేనిది. దాని గురించి రాయాలనే కూర్చున్నాను.

మా ఊరు కర్ణాటకలో, పావగడ వైపు, క్యాతగానచెర్లుకు ఇవతల ఉంది. సోలార్ పార్కు వచ్చినప్పుడు మా ఊరి పొలాల్లో సగం దాని కిందికి పోయాయి. మా ఆయన వదిలివెళ్లిన చేను కూడా అందులోనే ఉంది. వాన కోసం పైకి చూసి చూసి మెడనొప్పి తెచ్చుకున్న ఇల్లు మాది. ఇప్పుడు అదే చేను ఎండను అమ్ముకుని నాకు కౌలు పంపిస్తోంది. మేష్ట్రు చేనూ, ఆయన అన్న చేనూ మాత్రం పార్కు గీతకు ఇవతల పడ్డాయి. వాళ్లు ఎప్పటిలాగే శెనక్కాయ వేస్తూ వచ్చారు.

పార్కు పని మొదలయ్యాక పొద్దున్నే వ్యాను వచ్చి మా ఊరి ఆడవాళ్లను ఎక్కించుకుని పోయేది. రాళ్లు ఏరడం, ప్లేట్లు తుడవడం, వాటి కింద గడ్డి కోయడం వాళ్ల పని. గంగమ్మ గుంపు మొత్తం అటే వెళ్లింది. మా ఊళ్లో కూలికి పిలవాలంటే ముందు గంగమ్మను పిలవాలి. ఆమె సరేనంటే గుంపంతా వస్తుంది. ఆమె మూతి తిప్పితే ఒక్కరూ రారు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. శెనక్కాయ పీకే కాలానికి ముందు చేను గలవాళ్లంతా ఊరి మధ్య అరుగు మీద కూర్చుని, ఈ ఏడాది కూలి ఇంత అని కట్టు వేస్తారు. అంతకు మించి ఎవరూ ఇవ్వకూడదు. ఇచ్చినవాడి చేనికి ట్రాక్టరు రాదు, కాయలు విడిపించే మిషను రాదు, ఇరుగుపొరుగు చేలవాళ్లు సాయానికీ రారు. కూలి చేసేవాళ్లను ఆ అరుగు దగ్గరికి పిలిచే అలవాటు లేదు. ఎంతని తేలిందో సాయంత్రానికి వాళ్లకు తెలుస్తుంది, అంతే.

ఆ ఏడాది పాత కూలికే కట్టు వేశారు. ప్లేట్లు బిగించడం అయిపోగానే అందరూ మళ్లీ మన వాకిటికే వస్తారని పెద్దల నమ్మకం. అందరికంటే గట్టిగా నమ్మినవారు మేష్ట్రు అన్న. మిషను ఆయనదే, ట్రాక్టరూ ఆయనదే కాబట్టి ఆయన నమ్మిందే ఊరూ నమ్మింది. మేష్ట్రు కూడా ఆ అరుగు మీద కూర్చుని తల ఊపి వచ్చారు. మీరెందుకు ఊపారని నేను అడిగితే, "అన్న మాట్లాడతాంటే తల దానంతట అదే ఊగతాదక్కా" అన్నారు. నిజమే. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే ఆయనను పెంచి, టీచరు ట్రైనింగు చదివించింది ఆ అన్నే. ఆ ఇంట్లో తమ్ముడు అన్నకు ఎదురు చెప్పడం అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

మా అమ్మాయీ అల్లుడూ వై.ఎన్.హొసకోటలో బట్టల అంగడి నడుపుతారు. అప్పట్లో మనవరాలు నా దగ్గర ఉండి ఊరి బడిలోనే చదివేది. గంగమ్మ కూతురు దాని తరగతే. ఒకరోజు మనవరాలు బడి నుంచి వచ్చి, "అవ్వా, సోలారులో గంగమ్మత్తకు కూలి ఎక్కువంట. ఎందుకు? సోలారోళ్లు మంచోళ్లా?" అని అడిగింది. నా అర్థశాస్త్రం ఇన్నేళ్లకు అక్కరకు వచ్చిందని సంబరపడి, పలక తీసుకుని డిమాండు, సప్లై అంటూ రెండు గీతలు అడ్డదిడ్డంగా గీసి చూపించాను. అది చాలాసేపు చూసి, "ఇది గాలిపటమా అవ్వా?" అంది. పొయ్యి మీద పప్పు ఉందని చెప్పి దాన్ని మేష్ట్రు దగ్గరికి పంపేశాను.

ఆయన ఆదివారం దాకా నమిలారు. ఆదివారం పిల్లలందరినీ వాకిట్లోకి పిలిచి ఆట పెట్టారు. నేను గోడ ఇవతల బట్టలు ఆరేస్తూ చూశాను. నిజానికి బట్టలు అంతకుముందే ఆరిపోయాయి.

నా మనవరాలిని, ఇంకొక పిల్లను చేను గలవాళ్లను చేసి చెరొక గిన్నెలో బెల్లం ముక్కలు ఇచ్చారు. మిగతా పిల్లలు కూలివాళ్లు. వాకిట్లో అల్లుకున్న పల్లేరు తీగలు పీకాలి, పీకినవాళ్లకు ముక్క. పిల్లలు పీకారు, ముక్క తిన్నారు, మళ్లీ పీకారు. అప్పుడు మేష్ట్రు లేచి వసారా నీడలోకి వెళ్లి, "నేను కంపెనీ. ఈడ బెంచీ తుడవాల. ముక్క పెద్దది" అన్నారు. పల్లేరు ముళ్లు గుచ్చుకున్న చేతులన్నీ నీడలోకి పరిగెత్తాయి. చేను గల రెండో పిల్ల కూడా గిన్నె దించి వాళ్ల వెంటే పోయింది. నా మనవరాలు గిన్నె పట్టుకుని ఎండలో ఒంటరిగా మిగిలింది. దానికి మా ఇంటి పట్టుదల వచ్చింది, కాబట్టి కాసేపు అలాగే నిలబడింది. తర్వాత గిన్నెలోకి చూసుకుంది, వాకిలి చూసుకుంది, చివరికి "రెండు ముక్కలిస్తా, రాండి" అంది.

"ఇందాక ఒకటే ఇస్తివే. ఇప్పుడు వాళ్ల చేతులేమన్నా పెద్దవైనాయా?" అన్నారు మేష్ట్రు.

"లేదు సార్."

"నువ్వేమన్నా మంచిదానివైనావా?"

"లేదు సార్. ఇయ్యకుంటే రారు కదా."

"అంతేమ్మా. మాకొద్దు అనేకి వాళ్లకు వీలు దొరికింది. అందుకే పెరిగింది."

పిల్లలంతా నవ్వారు. గంగమ్మ కూతురు నవ్వలేదు. తనకు వచ్చిన బెల్లం ముక్క తినకుండా చేతిలోనే పట్టుకుని ఉంది. కరిగి వేళ్ల మధ్య నుంచి కారుతోంది. "కంపెనీ పని అయిపోతే సార్? వద్దనేకి వీలు లేకుంటే అప్పుడు ఏమైతాది?" అని అడిగింది. మేష్ట్రు ఇంకా నోరు తెరవకముందే, "మీ చేన్లో కూడా పాత కూలే అంట కదా సార్" అంది.

పిల్లలకు సిగ్గు, భయం ఉండాలనే నేను అంటాను. ఆ రోజు మాత్రం ఆ పిల్లకు అవి లేకపోవడమే మంచిదైంది.

మేష్ట్రు ఎప్పటిలాగే నమిలి చెప్తానన్నారు. మర్నాడు జవాబు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఈలోగా వాన పడింది. కాయ ముదిరిన చేనుకు వాన పడితే వెంటనే పీకాలి. లేకపోతే కాయ మట్టిలోనే మొలకెత్తుతుంది, ఆ పంట ఇక నూనెకూ పనికిరాదు, విత్తనానికీ పనికిరాదు. పీకేవాళ్లు పొద్దున్నే వ్యాను ఎక్కి వెళ్లిపోతున్నారు. మేష్ట్రు పేపరు కోసం వచ్చి, చదవకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. "ఏం మేష్ట్రూ, నమలడం అయిందా?" అని కదిపాను. "గట్టిగుండాదక్కా" అన్నారు.

ఆయన అవస్థ నాకు తెలుస్తూనే ఉంది. కట్టు నిలబెడితే ఏడాది కష్టం మట్టిలో మొలకెత్తుతుంది, పైగా వసారాలో ఆ పిల్ల ముఖం చూడలేరు. కట్టు తెంచితే పెంచిన అన్న గడప తొక్కలేరు.

మర్నాడు సాయంత్రం ఆయన చొక్కా మార్చుకుని, జేబులో పెన్ను పెట్టుకుని అరుగు వైపు నడిచారు. నేను ఉప్పు కొనడానికి అంగడికి బయలుదేరాను. ఇంట్లో ఉప్పు ఉంది.

అరుగు మీద అంతా ఉన్నారు. మేష్ట్రు కూర్చోలేదు. నిలబడే, రేపటి నుంచి సోలారులో ఇచ్చే కూలే తన చేన్లోనూ ఇస్తానని చెప్పారు. ఆయన అన్న, ఊరికి పెద్దాయన, తమ్ముడి వైపు తిరిగారు.

"పిల్లోళ్ల ఆటకు ఊరి కట్టు తెంపుతావేమిరా?"

"ఆట ఆడించింది నేనే కదన్నా. దానికి నేనే తప్పితే ఎట్ల?"

"మిషను నీ చేనికి రాదు."

"రాకుంటే చేత్తో విడిపిచ్చుకుంటాం" అన్నారు మేష్ట్రు. ఆ తర్వాత "న్నా" అని ఇంకో మాట కలిపారు. దగ్గర నిలబడ్డ నాకే అది సరిగా వినపడలేదు.

అక్కడి నుంచి నేరుగా గంగమ్మ ఇంటికి వెళ్లారు. అక్కడ ఆయనకు సన్మానం జరుగుతుందని నేను అనుకున్నాను. మర్నాడు గంగమ్మే వచ్చి నాకు చెప్పింది ఏం జరిగిందో. కూలి సంగతి వినేసి ఆమె అడిగిందట: "కూలి సరే సార్. ఆడ కూచోని తినేకి నీడుండాది, తాగేకి నీళ్లుండాయి. మీ చేన్లో ఏముండాది, మీ అన్న అరుపులు తప్ప?" ఆ రాత్రే మేష్ట్రు ఇంటికి వచ్చి నాతో, "కూలంటే దుడ్డొకటే అనుకుంటి కదక్కా నేను" అన్నారు. తెల్లవారేసరికి నా కట్టెల కుప్ప మీద టార్పాలిను లేదు. వెళ్లి చూస్తే ఆయన చేన్లో గుంజల మీద పందిరై నిలబడి ఉంది. కింద నీళ్ల కుండ. అడిగి తీసుకున్నారని నేను చెప్పలేను.

గంగమ్మ గుంపు వంతులు వేసుకుంది. కొందరు వ్యానెక్కారు, కొందరు చేనికి వచ్చారు. పీకిన మొక్కల కుప్పల చుట్టూ కూర్చుని చేత్తో కాయలు విడిపించారు. నేనూ వెళ్లి ఒక కుప్ప దగ్గర కూర్చున్నాను. గంగమ్మ నా చేతుల వైపు చూసి, "అవ్వా, నీకు కూలి ఇస్తే సార్ మునిగిపోతాడు, పోయి కాఫీ పెట్టుకొనిరా" అంది. పెట్టుకొచ్చాను. నా జీవితంలో ఇంత న్యాయంగా నన్ను ఎవరూ పనిలోంచి తీసేయలేదు.

పొద్దు వాలే ముందు మేష్ట్రు తానే వచ్చి ఎవరి కూలి వాళ్ల చేతిలో పెట్టేవారు. అది ఆయనకు మొదటి నుంచీ ఉన్న అలవాటు. భార్య కూలి తీసుకోవడానికి ఎవరైనా మొగుడు వచ్చి గట్టు మీద నిలబడితే, "నువ్వు యా సాలు పీకినావప్పా?" అని చాలా మర్యాదగా అడిగేవారు. రెండోసారి వచ్చిన మొగుణ్ని నేను చూడలేదు.

ఆయన కాయలు ఎండబెట్టే వేళకు పక్క చేన్లో అన్న కాయ మొలకలు తొడుగుతోంది. పెద్దాయన వచ్చి గట్టు మీద నిలబడ్డారు. తమ్ముడితో మాట్లాడలేదు. పందిరి కింద అన్నం తింటున్న గంగమ్మతో, రేపు మా చేనికి రాండమ్మా అన్నారు. ఎంత అని ఆమె అడిగింది. వాడు ఇచ్చేదే అన్నారు. నీడో, అని అడిగింది. పెద్దాయన పందిరి వైపు చూసి, "అదీ వేస్తాలే" అన్నారు. అలా ఆ ఏడాది కట్టు పోయింది. అన్నదమ్ములు కొంతకాలానికి మళ్లీ మాట్లాడుకున్నారు. పండక్కి ఒకే చోట భోంచేశారు. కానీ మిషను సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ మళ్లీ ఎత్తలేదు. తమ్ముడు అడగలేదు, అన్న పంపలేదు. మేష్ట్రు చేన్లో కాయలు ఆ తర్వాత ప్రతి ఏడూ చేత్తోనే విడిపించారు.

గంగమ్మ కూతురు అడిగిన ప్రశ్న మిగిలి ఉంది. అది నిజమయ్యే రోజు కూడా వచ్చింది. ప్లేట్లు బిగించడం అయిపోయింది, వ్యాన్లు తగ్గాయి, తుడవడానికి మిషన్లు వచ్చాయి. చాలామంది ఆడవాళ్లు ఇళ్లకు తిరిగొచ్చారు. మేం చెప్పలేదా అన్నట్టు పెద్దలు మళ్లీ అరుగెక్కి, కూలి తగ్గించాలన్నారు. మేష్ట్రు ఈసారి కూర్చునే మాట్లాడారు. "హొసకోటలో యా అంగట్లో నూనె రేటు తగ్గిందో చెప్పన్నా. అందరం ఆ అంగడికే పోదాం. పోయొచ్చినాక కూలి తగ్గిద్దాం" అన్నారు. ఆ అంగడి పేరు ఎవరికీ తట్టలేదు.

అటు గంగమ్మ గుంపులో ఒక్కరు కూడా తక్కువకు రామన్నారు. ఇంట్లో బియ్యం నిండుకున్నవాళ్లు కూడా అన్నారు. కూలి తగ్గలేదు. ఆ ఆదివారం మేష్ట్రు గంగమ్మ కూతుర్ని వసారాకు పిలిచి జవాబు చెప్పారు. చాలా ఆలస్యమైన జవాబు. "ఒకరు రామంటే ఇంకొకర్ని పిలుస్తారు తల్లీ. అందరూ రామంటే ఎవర్ని పిలుస్తారు? ఇది నేను పుస్తకంలో చూసి చెప్తాండేది కాదు. మీ అమ్మను చూసి చెప్తాండా." మీ మాట వల్లే కూలి నిలబడిందని నేను తర్వాత ఎప్పుడు మెచ్చుకున్నా ఆయన ఒప్పుకునేవారు కాదు. తాను నూనె సంగతి ఒకటే అడిగానని, ఖాళీ కుండ పెట్టుకుని కూర్చున్నది వాళ్లని అనేవారు.

ఆ పాఠం విన్న పిల్లలు పెద్దవాళ్లయ్యారు. గంగమ్మ కూతురు పావగడలో కాలేజీ చదువుతోంది. నా మనవరాలు డిప్లొమా చేసి బెంగళూరులో ఉద్యోగంలో చేరి, మొన్న జీతం పెంచమని అడిగిందట. మంచిగా అడిగావా అని నేనంటే, "మంచిగా అడిగితే ఇస్తారా అవ్వా? ఇంకో చోట ఉద్యోగం చూసుకున్నాకే అడిగినా" అంది. పలక మీద నేను గీసిన గీతలు దానికి గుర్తుండవు. పల్లేరు వాకిలి గుర్తుంది. అందుకు మేష్ట్రుకు ఎన్నిసార్లు దండం పెట్టినా చాలదు. బతికుండగా ఒక్కసారి కూడా పెట్టలేదు. పెట్టి ఉంటే పేపరుతో పాటు పెన్ను కూడా అడిగేవారు.

దినాలు అయిన మర్నాడు గంగమ్మ గుంపు మేష్ట్రు చేనికి వచ్చింది. చావింటి మూలంగా పెద్దలు ఈ ఏడాది అరుగు మీద ఇంకా కూర్చోలేదు. కూలి ఎంతో ఎవరూ చెప్పలేదు. అయినా కాయ ఆగదు కదా, పీకడం మొదలుపెట్టారు. నేను కర్ర పట్టుకుని మెల్లగా గట్టు దాకా వెళ్లాను. సాయంత్రానికి పెద్దాయన వచ్చారు. మనిషి బాగా వంగిపోయారు.

"ఎంతియ్యాలమ్మా?" అని అడిగారు. చేను గల మనిషి ఆ ప్రశ్న అడగడం నేను ఈ ఊళ్లో మొదటిసారి విన్నాను.

గుంపులో ఒకావిడ, సార్ చేను కదా, ఈసారికి పోయినేటి కూలే చాలులే అని గొణిగింది. గంగమ్మ ఆమెను ఒక చూపు చూసి, పెద్దాయన వైపు తిరిగి ఈ ఏటి కూలి చెప్పింది. పోయిన ఏటికంటే ఎక్కువే. "సార్ పోయినాడని తగ్గిస్తే ఆయప్ప ఒప్పుకోడు సామీ" అంది.

పెద్దాయన సరేనన్నారు. ఎవరి కూలి వాళ్ల చేతిలో పెట్టారు. ఇక వెళ్లిపోతారనుకున్నాను. ఆయన పంచె ఎగగట్టుకుని, గంగమ్మ భుజం పట్టుకుని మెల్లగా కిందికి దిగి, ఇంకా మిగిలిన కుప్ప పక్కన కూర్చున్నారు. ఒక మొక్క తీసుకుని కాయలు తెంపడం మొదలుపెట్టారు. ఒక్కో కాయే వస్తోంది, దానితో పాటు వేరూ ఆకూ వస్తున్నాయి. ఇళ్లకు బయలుదేరిన ఆడవాళ్లు ఆగారు. ఎవరూ నవ్వలేదు. గంగమ్మ ఎదురుగా కూర్చుని, మొక్కను తలకిందులుగా పట్టుకుని ఎలా దూయాలో ఒకసారి చూపించింది. ఆయన తన చేతిలోని మొక్కను తిప్పి పట్టుకున్నారు.